4 ఎంబీ అని అమ్మి 1 ఎంబీ బోర్డులు పంపడంపై ఫిర్యాదు

నల్లగొండ

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

విషయం: నాలుగు రిలేల (కరెంటును ఆన్, ఆఫ్ చేసే విద్యుత్ మీటల) వైఫై స్విచ్ బోర్డులు. పెట్టె మీద 4 ఎంబీ ఫ్లాష్ మెమరీ, లోపల 1 ఎంబీ. 12 బోర్డులు మార్చి ఇవ్వాలని కోరుతూ.

అయ్యా,

నల్లగొండలో మా కాలనీలోని ఆరు ఇళ్ల సొంత వాడకానికి మీ వెబ్‌సైటులో 18 బోర్డులు కొన్నాం. రెండు విడతలుగా వచ్చాయి. మోడల్ నంబరు ఒకటే, పెట్టె ఒకటే, ధరా ఒకటే. మొదటి విడతలో వచ్చిన 6 బోర్డులు మీరు చెప్పినట్టే ఉన్నాయి: ఈఎస్‌పీ-12ఎఫ్ మాడ్యూల్ (వైఫై చిప్పు, విడి ఫ్లాష్ చిప్పు కలిపి ఉన్న చిన్న పలక), 4 ఎంబీ ఫ్లాష్. వాటి మీద మాకు ఏ ఫిర్యాదూ లేదు. రెండో విడత 12 బోర్డుల్లో అసలు మాడ్యూలే లేదు. ఈఎస్‌పీ8285 చిప్పును నేరుగా బోర్డుకే అతికించారు. దాని ఫ్లాష్ చిప్పు కడుపులోనే ఉంటుంది, అది 1 ఎంబీ. పెట్టె మీద మాత్రం "4 ఎంబీ ఫ్లాష్, టాస్మోటాకు, ఈఎస్‌పీహోమ్‌కు అనువైనది" అన్న మాట అలాగే ఉంది. టాస్మోటా, ఈఎస్‌పీహోమ్ అంటే ఇలాంటి బోర్డుల్లో కంపెనీ ప్రోగ్రాముకు బదులు మనం ఎక్కించుకునే ఉచిత ప్రోగ్రాములు.

మేం మొదట రాసినప్పుడు మీ సపోర్టు విభాగం "యాప్‌లో 4 ఎంబీ అనే కనిపిస్తోంది కదా" అని జవాబిచ్చింది. ఆ అంకె ఫర్మ్‌వేర్ (బోర్డును నడిపే ప్రోగ్రాము) తయారుచేసిన వాళ్లు ఇమేజ్ (బోర్డులోకి ఎక్కించే ఫైలు) ముందు భాగంలో రాసిపెట్టినది. చిప్పును కొలిచి చెప్పినది కాదు. అసలు కొలత చిప్పునే అడిగి తెలుసుకోవాలి. మీ ల్యాబులో ఎవరైనా నిమిషాల్లో చూడవచ్చు కనుక పద్ధతి రాస్తున్నాం.

ముందు 230 వోల్టుల లైనును పూర్తిగా తీసేయాలి. ఈ బోర్డు పవర్ సప్లై మెయిన్స్ నుంచి విడిగా ఉండదు. లైను ఉండగా యూఎస్‌బీ పెడితే కంప్యూటరు పోతుంది, మనిషికీ ప్రమాదమే. తర్వాత బోర్డును కంప్యూటరుకు కలిపే యూఎస్‌బీ-టీటీఎల్ అడాప్టరును 3.3 వోల్టుల మీద పెట్టి గ్రౌండుకు గ్రౌండు, ఆర్‌ఎక్స్‌కు (సమాచారం అందుకునే పిన్ను) టీఎక్స్ (పంపే పిన్ను), టీఎక్స్‌కు ఆర్‌ఎక్స్ కలపాలి. 5 వోల్టులు ఇస్తే చిప్పు కాలిపోయే ప్రమాదం ఉంది. ఎఫ్‌టీ232ఆర్ అడాప్టరు అయితే దాని 3.3 వోల్టుల పిన్ను 50 మిల్లీయాంపులే ఇస్తుంది. వైఫై లేచేటప్పుడు ఈ చిప్పు అంతకు ఎన్నో రెట్లు లాగుతుంది కాబట్టి పవరు ఏఎంఎస్1117-3.3 లాంటి రెగ్యులేటరుతో విడిగా ఇవ్వాలి. లేకపోతే ఫర్మ్‌వేర్ రాసేటప్పుడు రాత సగంలో ఆగి, బోర్డే చెడిపోయిందనిపిస్తుంది. చిప్పులోని జీపీఐఓ 0 అనే పిన్నును గ్రౌండుకు పట్టి ఉంచి పవరివ్వాలి. అప్పుడు కంప్యూటరులో ఈఎస్‌పీటూల్ అనే ప్రోగ్రాములో ఫ్లాష్ ఐడీ కమాండ్ కొట్టాలి.

మొదటి విడత బోర్డు "ఈఎస్‌పీ8266ఈఎక్స్" అని, డివైస్ 4016 అని చెబుతుంది. రెండో విడత బోర్డు "ఈఎస్‌పీ8285" అని, లోపలే ఫ్లాష్ ఉందని, డివైస్ 4014 అని చెబుతుంది. ఆ నాలుగంకెల్లో చివరి రెండింటిలోనే అసలు సంగతి ఉంది. హెక్స్‌లో 16 అంటే 22, రెండుకు 22వ ఘాతం 4 ఎంబీ. హెక్స్‌లో 14 అంటే 20, రెండుకు 20వ ఘాతం సరిగ్గా 1 ఎంబీ. పన్నెండు బోర్డులూ 4014 అనే చెప్పాయి. ఒక్కోదాని స్క్రీన్‌షాట్, బోర్డు సీరియల్ నంబరు కనిపించేలా తీసిన ఫొటో జత చేశాం.

1 ఎంబీలో కూడా టాస్మోటా నడుస్తుంది కదా అని మీరు అనవచ్చు. నడుస్తుంది, కాదనం. రోజువారీ పనికి రిలేలు ఆన్, ఆఫ్ అవుతాయి. చిక్కు అప్‌డేట్ దగ్గర వస్తుంది. టాస్మోటా మామూలు ఇమేజ్ 600 కేబీ పైనే. వైఫై మీద కొత్తది ఎక్కించాలంటే పాతది నడుస్తుండగానే కొత్తది పక్కన పట్టాలి. 1024 కేబీలో సెట్టింగులకు పోగా మిగిలిన చోట రెండూ పట్టవు, కొత్తదాన్ని కుదించి పంపినా పట్టదు. అందుకే ముందు మినిమల్ ఇమేజ్ ఎక్కించి, దాని మీదుగా పూర్తి ఇమేజ్ ఎక్కించాలి. ఈఎస్‌పీహోమ్‌లోనూ ఇదే తీరు. చోటు చాలదని ఆగిపోతే వైఫై, ఓటీఏ (వైఫై మీద అప్‌డేట్) మాత్రమే ఉన్న చిన్న కాన్ఫిగ్ ఎక్కించి, తర్వాత అసలుది పంపాలి. 4 ఎంబీ బోర్డులో ఈ రెండు మెట్ల తతంగమే లేదు.

రెండు మెట్లంటే రెండు రాతలు, కరెంటు పోయే గండం రెండుసార్లు. కొత్త ఇమేజ్ మొత్తం దిగాక బూట్‌లోడర్ (చిప్పు లేవగానే ముందు నడిచే చిన్న ప్రోగ్రాము) దాన్ని అసలు చోటికి కాపీ చేస్తుంది. "ఫలానా చోటి నుంచి కాపీ చెయ్యి" అన్న ఆదేశం ఆర్‌టీసీ మెమరీలో (కరెంటు ఉన్నంతసేపే నిలిచే మెమరీ) ఉంటుంది. ఆ కొన్ని సెకన్లలో కరెంటు పోతే ఆదేశం చెరిగిపోతుంది, ఇమేజ్ సగంలో ఆగుతుంది, బోర్డు మళ్లీ లేవదు. అప్పుడు గోడలోంచి బోర్డు ఊడదీసి, వైర్లు తగిలించి మళ్లీ రాయడం తప్ప దారి లేదు. మే నెల గాలిదుమారాల్లో ఇక్కడ కరెంటు ఎలా వచ్చిపోతుందో ఈ జిల్లాలో అందరికీ తెలుసు. బల్ల మీద పరవాలేదనిపించే పని గోడలోని బోర్డు మీద పరవాలేదు కాదు.

కరెంటు మాట వచ్చింది కనుక ఒకటి చెప్పాలి. రెండు ఇళ్లలో సెట్టింగులు చెరిగిపోయాయని మేం ముందు రాసిన ఉత్తరంలో ఉంది. అది మీ బోర్డు తప్పు కాదు. పది సెకన్లలోపు తేడాతో వరుసగా ఆరుసార్లు పవరు పోయి వచ్చి, ఏడోసారి నిలిస్తే టాస్మోటా తనంతట తానే మొదటి స్థితికి పోతుంది. టాస్మోటాలో సెట్‌ఆప్షన్65 అనే సెట్టింగును 1 చేస్తే ఆగుతుంది, చేశాం. ఆ ఒక్క అంశాన్ని మా ఫిర్యాదు నుంచి తీసేయండి.

మెమరీ చిన్నదైతే చిప్పు మార్చుకోండన్న సలహా కూడా మీవాళ్లు ఇచ్చారు. ఎనిమిది కాళ్ల 25క్యూ32 చిప్పు విడిగా ఉన్న బోర్డుకు ఆ సలహా సరే. హాట్ ఎయిర్‌తో పాతది లేపి కొత్తది అతికించవచ్చు. 8285లో ఫ్లాష్ లోపలే ఉంది, లేపడానికి ఏమీ లేదు.

ఇంకో రెండు తేడాలు. పెట్టెలోని కాగితం మీద ముద్రించిన పిన్నుల బొమ్మ 12ఎఫ్ బోర్డుది. కొత్త బోర్డులో రెండు బటన్లు జీపీఐఓ 9, 10 మీద ఉన్నాయి. ఆ బొమ్మ చూసి టెంప్లేట్ (ఏ పిన్నుకు ఏ పని అని చెప్పే జాబితా) రాస్తే ఆ బటన్లు పనిచేయవు. ఫ్లాష్‌ను చదివే మోడ్ కూడా క్యూఐఓలో పెట్టి రాస్తే బోర్డు లేవకుండా తిరుగుతూ ఉంటుంది, డీఅవుట్ (DOUT) మోడ్‌లోనే రాయాలి. ఈ సంగతి కాగితంలో ఎక్కడా లేదు.

రెండోది మరీ ముఖ్యం. నాలుగో రిలేను జీపీఐఓ 1కి ఇచ్చారు. అది టీఎక్స్ పిన్ను. పవరు రాగానే అది హైలో ఉంటుంది, బూట్ సమాచారం దాని మీదే పోతుంది. రిలే ట్రాన్సిస్టరు హైకి ఆన్ అయ్యే రకం కాబట్టి కరెంటు వచ్చిన ప్రతిసారీ ఫర్మ్‌వేర్ లేచేలోపు ఆ రిలే టకటకమంటూ కొట్టుకుంటుంది. లైటుకైతే ఓర్చుకోవచ్చు. మిద్దె మీది ట్యాంకు నింపే ఒక హెచ్‌పీ మోటరుకు అదే రిలే వాడమని మీ పెట్టె మీద బొమ్మే వేశారు. మోటరు స్టార్టింగులో మామూలు కంటే ఎన్నో రెట్ల కరెంటు లాగుతుంది, 10 యాంపుల రిలే కాంటాక్టులు అతుక్కుపోతాయి. మోటరుకు మధ్యలో కాంటాక్టరు (పెద్ద కరెంటును తట్టుకునే స్విచ్చు) పెట్టాలని, నాలుగో రిలే వాడొద్దని పెట్టె మీదే రాయండి. మా ఇళ్లలో అలాగే మార్చుకున్నాం. కాగితం నమ్మి బిగించుకునే వాళ్లకు ఇది తెలియదు.

ఇక వారంటీ. ఫర్మ్‌వేర్ మార్చారు కాబట్టి వారంటీ చెల్లదని మీ చివరి ఈమెయిల్‌లో ఉంది. సొంత ఫర్మ్‌వేర్ ఎక్కించుకోవచ్చని మీరే పెట్టె మీద రాసి అమ్మిన సరుకు ఇది. చిప్పు పరిమాణం ఫర్మ్‌వేర్ మార్చితే మారదు. పన్నెండింటిలో ఏడు బోర్డుల మీద ఇప్పటికీ మీ ఫర్మ్‌వేరే ఉంది, వాటిలోనూ 4014 అనే వస్తోంది.

కాబట్టి మేం కోరేది ఇది. 12 బోర్డులనూ ఈఎస్‌పీ-12ఎఫ్, 4 ఎంబీ ఉన్న వాటితో మార్చండి, రానుపోను కొరియరు ఖర్చు మీదే. అది కుదరకపోతే ఆ 12 బోర్డుల ధర మొత్తం తిరిగివ్వండి. వెబ్‌సైటులో, పెట్టె మీద చిప్పు పేరు, ఫ్లాష్ ఎన్ని మెగాబైట్లు అన్నది ఉన్నది ఉన్నట్టు రాయండి. "8ఎం" అని మాత్రం రాయొద్దు. 8 మెగాబిట్లంటే 1 మెగాబైటే అని కొనేవాడికి తెలియదు. తర్వాతి విడత బోర్డుల మీద 3.3, గ్రౌండు, ఆర్‌ఎక్స్, టీఎక్స్, జీపీఐఓ 0 పేర్లు ముద్రించండి. ఇప్పుడు పేరు లేని ఐదు రాగి చుక్కలే ఉన్నాయి.

వినియోగదారుల పరిరక్షణ (ఈ-కామర్స్) నియమాలు, 2020 ప్రకారం ఈ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. అలా జరగకపోతే 2019 చట్టం కింద మేం ఉండే చోటే, అంటే నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో, ఆరు ఇళ్ల వాళ్లం కలిసి ఫిర్యాదు చేస్తాం. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లోనూ నమోదు చేస్తాం.

గోడల్లో బిగించిన ఐదు బోర్డులను మీరు పంపే కొత్తవి చేతికి అందాకే ఊడదీస్తాం. మిగతా ఏడూ పెట్టెల్లో సిద్ధంగా ఉన్నాయి, కొరియరు మనిషిని ఎప్పుడైనా పంపవచ్చు.

ఇట్లు
కాలనీ ఆరు ఇళ్ల వినియోగదారులు, నల్లగొండ

జత: రెండు ఇన్‌వాయిసుల నకళ్లు, 12 బోర్డుల ఫ్లాష్ ఐడీ స్క్రీన్‌షాట్లు, సీరియల్ నంబర్ల ఫొటోలు, పెట్టె నాలుగు వైపుల ఫొటోలు, మీ సపోర్టు విభాగం ఈమెయిళ్లు.