కారం చేతుల మనిషికి

రాత్రి ఒంటిగంట దాటింది. నాన్న ఇప్పుడే నిద్రపోయాడు. కాలి కింద పెట్టిన దిండు జరిగితే లేస్తాడేమోనని మంచం పక్కనే నేల మీద కూర్చుని ఫోన్లో ఇది కొడుతున్నాను. తప్పులుంటే సర్దుకుని చదవండి, పదకొండు రోజులుగా సరిగ్గా కన్ను మూయలేదు. రేపు రాద్దాం, ఎల్లుండి రాద్దాం అనుకుంటే ఇక రాయను. నా సంగతి నాకు తెలుసు.

తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. మా నాన్న కోల్డ్ స్టోరేజీలో రాత్రి వాచ్‌మన్. 64 ఏళ్లు. రోజూ రాత్రి ఏడుంపావుకి గుంటూరు నల్లచెరువులో సైకిలెక్కితే చుట్టుగుంట మీదుగా ఎనిమిదింటికల్లా డ్యూటీలో ఉంటాడు. పోయిన గురువారం కాక ఆ ముందు గురువారం వెనక నుంచి బైకు గుద్దింది. ఎడమకాలికి మోకాలి కింద రెండు ఎముకలూ విరిగాయి, నుదుటి మీద ఏడు కుట్లు పడ్డాయి. కాలికి లోపల రాడ్డు వేశారు. తల స్కానింగులో ఏమీ లేదన్నారు. ఆ మాట విన్నాకే నేను గుక్కెడు నీళ్లు తాగాను.

మా ఆయన సెలవు పెట్టాడు, తమ్ముడు హైదరాబాద్ నుంచి రాత్రికి రాత్రి బస్సెక్కి వచ్చాడు, పిన్ని మా పిల్లల్ని తీసుకెళ్లి పెట్టుకుంది. వాళ్లకి ఇక్కడ థాంక్స్ చెబితే నవ్వుతారు. ఈ పోస్టు వాళ్ల కోసం కాదు, ఆ రాత్రి నాన్న కోసం రోడ్డు మీద ఆగిన ఒక మనిషి కోసం.

ఫోన్ వచ్చేసరికి నేను దోసెల పిండి రుబ్బుతున్నాను. నాన్న నంబరే, కానీ గొంతు నాన్నది కాదు.

"అమ్మాయ్, కంగారు పడమాకు. మీ నాయన మాట్లాడతన్నాడు. కాలికి దెబ్బ తగిలింది, 108కి చేశాం. నువ్వు ఒక్కదానివే రామాకు, ఎవుర్నన్నా ఎంటబెట్టుకుని రా."

నాన్నది బటన్ ఫోను. అందులో పేర్లన్నీ ఇంగ్లీషులో ఉంటాయి. అవి చదవడం రాక, ఆ ఫోన్ చేసినాయన పచ్చ బటన్ రెండుసార్లు నొక్కాడట, చివరగా మాట్లాడిన వాళ్లకి పోతుందని. ఆ చివరి కాల్ నాదే, బీపీ మాత్ర వేసుకున్నావా అని సాయంత్రం చేసింది.

మేం వెళ్లేసరికి నాన్న రోడ్డు వారన వెల్లకిలా పడి ఉన్నాడు. తల దగ్గర ఒకాయన గొంతుక్కూర్చుని ఉన్నాడు. యాభై ఏళ్లుంటాయి, తలకి తుండుగుడ్డ, ఒళ్లంతా ఎర్రటి దుమ్ము. నాన్న తల కదలకుండా రెండు మోకాళ్ల మధ్యా ఆనించి పట్టుకున్నాడు. చేతులు మాత్రం ఎడంగా గాల్లో పెట్టుకుని కూర్చున్నాడు. నుదుటి మీద తువ్వాలు అదిమి పట్టుకుంది ఎవరో కాలేజీ కుర్రాడు. ఆ కుర్రాడికి "ఇంకాస్త గట్టిగా, తియ్యమాకు, తీసి చూడమాకు" అని చెబుతున్నాడు.

నాకు ఒళ్లు మండింది. అంత పెద్దమనిషి, చేతులు ఊరికే పెట్టుకుని చిన్నపిల్లాడి చేత పని చేయిస్తున్నాడేంటని. "మీరు పట్టుకోవచ్చుగా!" అని అరిచేశాను కూడా.

"నా చేతులకి కారం ఉందమ్మా. పొద్దుట్నుంచి టిక్కీలు మోస్తన్నాను. రెండుసార్లు కడిగినా పోలా. గాయానికి తగిలితే పెద్దాయన తట్టుకోలేడు."

ఆ మాట ఇప్పుడు రాస్తున్నా నాకు ఏడుపొస్తోంది. మిర్చి సీజన్లో గుంటూరులో ఉన్నవాళ్లకి ఆ చేతులు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. మిర్చి యార్డులో ముఠా పని, అంటే టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎత్తి దించే కూలి పని చేసేవాళ్లు ఇంటికెళ్లి సొంత పిల్లల్ని ఎత్తుకోవడానికీ ఆలోచిస్తారు. ముక్కూ మొహం తెలియని ముసలాడి గాయం మండుతుందని ఆ మనిషి చేతులు గాల్లో పెట్టుకుని అరగంట గొంతుక్కూర్చున్నాడు. నేనేమో అరిచాను.

చుట్టూ మూగినవాళ్లు ఊరుకుంటారా? ఒకాయన లేపి కూర్చోబెట్టమంటాడు, ఇంకొకాయన నీళ్లు తాగించమంటాడు, ఆటోలో పడేసి తీసుకుపోదాం పదండి అని మరొకరు. ఆయన ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. ఒకప్పుడు లారీ మీద నుంచి పడ్డ తమ ముఠా మనిషిని అందరూ తలో చెయ్యీ వేసి ఎత్తారట, ఆ మనిషికి నడుము కింద చచ్చుబడిపోయిందట. "అప్పట్నుంచి నాకు భయమమ్మా, ఎముక సంగతి తెలిసినోళ్లు వచ్చిందాకా ఎత్తనియ్యను" అన్నాడు. ఆపరేషనుకి ముందు నీళ్లు తాగించకపోవడమే మంచిదైందని డాక్టరుగారు కూడా అన్నారు.

ఇంకొకటి, నేను తర్వాత గాని గమనించలేదు. మాకు ఓ ఇరవై అడుగుల వెనక, బళ్లు వచ్చే వైపు, ఆయన తన సైకిల్ని రోడ్డుకి అడ్డంగా స్టాండు వేసి పెట్టాడు. ఆ చీకట్లో లారీలన్నీ దాన్ని చూసే పక్కకి తిరిగి వెళ్తున్నాయి. సైకిల్ని చూసి లారీ పక్కకి తిరగడమేంటి అనుకున్నాను. దాని సంగతి కిందికి రాస్తాను.

108 వచ్చింది. అందులో అబ్బాయి కాలికి బద్ద కట్టి, మెడకి పట్టీ వేసి, నలుగురి చేత ఒక్కసారిగా ఎత్తించాడు. ఆయన కూడా మాతో ఎక్కాడు. ఎవరూ రమ్మనలేదు.

ఇక్కడ ఒక మాట అనకుండా ఉండలేను. మేం మొదట వెళ్లిన ఆసుపత్రి పేరు రాయను. కౌంటరు దగ్గర మొదటి ప్రశ్న "తెచ్చిందెవరు?" రెండోది అడ్వాన్సు. కూతుర్ని నేనున్నాను కదా అన్నా వినలేదు, ఇది యాక్సిడెంటు కేసు కాబట్టి తెచ్చినవాళ్లు పేరు, ఊరు, ఆధార్ ఇచ్చి ఉండాల్సిందేనన్నారు. ఆయన్ని బెంచీ మీద రాత్రి రెండున్నర దాకా కూర్చోబెట్టారు. పొద్దున్నుంచి బస్తాలు మోసిన మనిషి. తెల్లారితే పనికి పోలేడు, ఆ రోజు కూలీ ఎవరిస్తారు? తమ్ముడు తర్వాత వెతికి చూపించాడు: సాయం చేసినవాళ్లని వేధించకూడదని సుప్రీంకోర్టు 2016లోనే చెప్పింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ అని సెక్షన్ చేర్చారు, దాని ప్రకారం పేరు చెప్పమని బలవంతం చేయకూడదు. ఆ రాత్రి ఈ ముక్క నాకు తెలిసుంటే ఆ కౌంటరు దగ్గర ఇంకోలా మాట్లాడేదాన్ని. చదివినవాళ్లు మీరైనా గుర్తుపెట్టుకోండి.

నాలుగో రోజు ఆయన మళ్లీ వచ్చాడు. చేతిలో నాన్న టిఫిన్ క్యారేజీ, తోమి తెచ్చారు ఇంట్లోవాళ్లు. ఒంటి చెప్పు కూడా. కింద గేటు దగ్గర నాన్న సైకిలు. వెనక చక్రం బెండ్ తీయించి, ఊచలు నాలుగు మార్పించి తెచ్చాడు. డబ్బులివ్వబోతే ఒక్కసారి నా మొహం చూశాడు, నేను చెయ్యి వెనక్కి తీసేసుకున్నాను. టీ మాత్రం తాగాడు.

అప్పుడు చెప్పాడు, గొంతు తగ్గించి, నాన్నకి వినపడకుండా. "అమ్మాయ్, ఆ బైకు కుర్రోణ్ణి తిట్టమాకు. నేను ఎనకాలే వస్తన్నా కదా. మీ నాయన నాకే కనపళ్ళా. గుద్దిన చప్పుడొచ్చాకే అక్కడ సైకిలుందని తెలిసింది."

నాకు కోపమొచ్చింది. కనపడలేదండీ, కనపడలేదండీ అని ఆ బైకు అబ్బాయి కూడా అదే ఏడుపు. అందరికీ ఇదొక సాకు దొరికింది అనుకున్నాను.

మొన్న ఎనిమిదో రోజు, అదే టైముకి, అదే మలుపు దగ్గరికి తమ్ముణ్ణి తీసుకెళ్లాను. వాడికి నాన్న యూనిఫారం చొక్కా తొడిగాను. ముదురు నీలం. నల్ల సైకిలు. వెనక క్యారియర్ మీద రోజూలాగే మడిచిన రగ్గు, పక్కన టిఫిను సంచీ వేలాడదీశాం. మడ్‌గార్డు మీద చిన్న ఎర్ర అద్దం ఉంటుంది కదా, ఆ సంచీ సరిగ్గా దాని మీదకే వచ్చింది. ఎన్నేళ్ల నుంచి అలా కప్పేసి ఉందో ఆ దేవుడికే తెలియాలి. మా ఆయన బైకు లైటు డిమ్‌లో పెట్టి వెళ్తుంటే వెనక కూర్చున్నాను. తమ్ముడు అక్కడే ఉన్నాడని నాకు తెలుసు. తెలిసి వెతుకుతున్నాను. ఎదురుగా లారీ హైబీమ్ వేసుకుని వచ్చింది. అంతే, ముందంతా తెల్లగా, రోడ్డు వార మొత్తం నల్లగా అయిపోయింది. పది పన్నెండు బారల దూరంలోకి వచ్చాక ఒక్కసారిగా మనిషి ఆకారం కనపడింది. యాభై స్పీడులో వెళ్లే బండి సెకనుకి 14 మీటర్లు పోతుంది. "బ్రేక్" అనుకునేలోపే అయిపోతుంది. నా కన్నతండ్రి చొక్కా నాకే కనపడలేదు.

ఆ రోడ్డు మీద దీపాలు ఎందుకు లేవని మీరడగొచ్చు. స్తంభాలున్నాయి. దీపాలూ ఉన్నాయి. వెలగవు, అంతే. మిర్చి సీజన్లో రాత్రింబవళ్లు టిక్కీల లారీలు తిరిగే దారి. చూడాల్సినవాళ్లకి టీ బండి అక్క మూడుసార్లు చెప్పిందట. ఎవరికి చెప్పిందో, వాళ్లు ఎవరికి చెప్పారో. మేం కూడా కాగితం రాసిచ్చాం. ఆ దీపాలు వెలిగేదాకా నాన్న కాలు ఆగదుగా.

ఇప్పుడు ఆయన సైకిలు సంగతి. సీటు కింద, మడ్‌గార్డు మీద, పెడళ్ల అంచులకి, ఊచల మధ్యా రేడియం. లారీ బాడీలకి అంటించే ఎర్ర రేడియం టేపు, కొట్లో అడిగి ముక్కలు తెచ్చుకుని అంటించుకున్నాడట. వెనక చిన్న ఎర్ర లైటు, హ్యాండిల్‌కి టార్చి. "యార్డులో లారీ ఎనక రేడియం రోజూ చూస్తానే ఉంటా. లారీ అంత పెద్దది, దానికే కావాలంటే నా సైకిలు ఎంత?" అన్నాడు. రేడియం తనంతట తాను వెలగదు, బండి లైటు పడితే ఆ వెలుతురు వచ్చిన దారినే వెనక్కి కొడుతుంది, అందుకే డ్రైవరు కంటికి అంత దూరం నుంచి తగులుతుంది. పెడళ్లకి అంటించిందైతే పైకీ కిందకీ ఆడుతుంటే, అది సైకిలని చూడగానే తెలిసిపోతుంది. కానీ సందులోంచి తిరిగి వచ్చే బండి లైటు మన మీద పడదు కదా, దానికి సొంత దీపం ఉండాల్సిందే. ముందు తెలుపు, వెనక ఎరుపు.

నాన్న దగ్గర ఈ మాటెత్తితే ముందు చిరాకు పడ్డాడు. తర్వాత తనే మొదలెట్టాడు. వాళ్ల కుర్రతనంలో సైకిలుకి డైనమో లేకుండా చీకట్లో తొక్కితే పోలీసులు ఆపి టైరు గాలి తీసేసేవాళ్లట. డైనమో టైరుకి ఆనిస్తే తొక్కడం బరువు, ఆగితే దీపం ఆరిపోతుంది. అందుకని పోలీసు కనపడినప్పుడే ఆనించేవాళ్లు, డైనమో లేనివాళ్లు దిగి నడిపించుకుంటూ అమాయకంగా పోయేవాళ్లు. "ఇప్పుడెవడూ అడగట్లేదుగా" అన్నాడు. అడగట్లేదనే పదిహేనేళ్ల క్రితం పాడైన డైనమోని బాగుచేయించలేదు ఈయన! కొత్త సైకిళ్లకి రిఫ్లెక్టర్లు ఉండాలని 2020లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. నాన్న సైకిలు వయసులో నాకంటే కాస్తే చిన్నది, దానికి ఏ ఉత్తర్వు అందుతుంది?

నిన్న ఆయన పంపిన రేడియం ముక్కలు నేనే అంటించాను. ఛార్జింగు పెట్టుకునే ఎర్ర లైటు రెండొందల చిల్లర. సంచీ అడ్డం రాకుండా సీటు కింద బిగించాను. మిణుకుమిణుకుమనేలా కాకుండా నిలకడగా వెలిగేలా పెట్టాను, సైకిలు ఎంత దూరంలో ఉందో వెనక వచ్చేవాళ్లు అంచనా వేయడం అలాగైతేనే సులువని మా ఆయన అన్నాడు. నాన్న యూనిఫారం వీపుకి కూడా పట్టీ కుట్టాను. నేను వాచ్‌మన్నా, లారీనా అని నవ్వాడు. ఆ రాత్రి తర్వాత నాన్న నవ్వడం అదే మొదటిసారి.

మీ అపార్ట్‌మెంటు వాచ్‌మన్, తెల్లారుజామున పాలు పోసే అబ్బాయి, పేపరు వేసే పిల్లాడు, వీళ్ల సైకిళ్లు ఒకసారి వెనక నుంచి చూడండి. వాళ్లకి జాగ్రత్తలు చెప్పొద్దు. మీరే ఓ మూర రేడియం కొని, మీ చేత్తోనే అంటించేయండి. మా ఇంట్లో జాగ్రత్తలు చెప్పడం ఎన్నేళ్లుగానో జరుగుతోంది, ఒక్క ముక్క టేపు మాత్రం కొనలేదు.

అన్నా, మీ పేరు రాయొద్దన్నారు, రాయట్లేదు. మీకు ఫేస్‌బుక్కూ లేదు. మీ అబ్బాయి ఇది చదివి వినిపిస్తానన్నాడు. ఆ రాత్రి నేను అరిచినందుకు మీరు అనకపోయినా నేను అనుకుంటూనే ఉన్నాను. పెద్ద మనసుతో మర్చిపోండి. మీ కూలీ పోయిన రెండు రోజుల గురించి మాట్లాడితే మీరు కోప్పడతారు, అందుకే ఊరుకుంటున్నాను, కానీ ఉగాదికి మీ ఇంటికి వస్తాం. అప్పుడు కాదనకూడదు.

అయ్యో, తువ్వాలు పట్టుకున్న కాలేజీ అబ్బాయి! నీ పేరు కూడా అడగలేదు నాన్నా. ఆ తువ్వాలు నీదేనట, రక్తం పోవట్లేదు, కొత్తది కొని ఉంచాను.

రక్తం ఇచ్చిన ఇద్దరికీ థాంక్స్. రాత్రి డ్యూటీ నర్సమ్మకి, నాన్న సిగ్గుపడుతుంటే మా నాన్నకి కూడా నేనే చేశాను తాతా అని చెప్పి పని కానిచ్చేసింది. రెండో ఆసుపత్రిలో డాక్టరుగారికి. నాన్న చోట డ్యూటీ చేస్తూ ఆ జీతం కూడా వద్దంటున్న పగటి వాచ్‌మన్ బాబాయికి. సైకిలు షాపు తాతకి, బెండ్ తీసినందుకు ముప్పై రూపాయలే తీసుకున్నాడట.

బైకు అబ్బాయికి కూడా. పారిపోలేదు. వాడి భుజం వాచిపోయి ఉన్నా 108 వచ్చేదాకా అక్కడే ఉన్నాడు.

టీ బండి అక్కా, ఆ రాత్రి మీరు ఇచ్చిన ఫ్లాస్కు ఇంకా మా దగ్గరే ఉంది. మూత ఎక్కడో పోయింది. వెతుకుతున్నాను.