పాత గుడిలోనే చిన్న గుడి కట్టుకున్నారు, మనమూ కట్టుకోవచ్చు

సంపాదకులు గారికి నమస్కారం.

మీ జిల్లా పేజీలో ఈ మధ్య జీర్ణోద్ధరణ వార్తలు తెగ వస్తున్నాయి, ఫలానా ఊళ్ళో పాత శివాలయం తీసేసి కొత్తది కడుతున్నారని, కింద దాతల ఫొటోలు, భూమిపూజ ఫొటోలు. మా ఊళ్ళో కూడా ఇప్పుడు అదే మాట నడుస్తోంది కాబట్టి నేను కళ్ళారా చూసిన ఒక సంగతి రాస్తున్నా. చూసింది ఇంగ్లాండ్‌లో, అది కూడా చర్చి, ఈయనకి మతి పోయిందా అనుకోకుండా కాస్త ఓపిగ్గా చదవండి.

మా అమ్మాయి వాళ్ళు నార్విచ్‌లో ఉంటారు. పోయిన మే నెలలో నేనూ మా ఆవిడా వెళ్ళాం. లండన్ తిప్పి చూపించడం అయిపోయాక మా అల్లుడు "మామయ్యా, సముద్రం వైపు ఒక పాత చర్చి ఉంది, సగం కూలిపోయి ఉంటుంది, మీకు తప్పకుండా నచ్చుతుంది" అన్నాడు. నేను సోషల్ టీచర్‌గా చేసి రిటైరయ్యాను, పాత రాయి కనిపిస్తే బండి ఆపించేస్తానని ఇంట్లో అందరికీ తెలిసిందే. మా ఆవిడైతే "ఇంత ఖర్చు పెట్టుకుని ఇంత దూరం వచ్చి ఇక్కడ కూడా మొండిగోడలేనా" అంది.

ఊరి పేరు కోవ్‌హైత్. సఫోక్ కౌంటీలో లోవెస్టాఫ్ట్‌కీ సౌత్‌వోల్డ్‌కీ మధ్యలో ఉంటుంది. ఊరు అనడానికి కూడా లేదు, పొలాల మధ్య పట్టుమని పది గడపలు కనిపించలేదు నాకు. అలాంటి చోట ఆ సెయింట్ ఆండ్రూ చర్చి చూస్తే గుండె ఝల్లుమంటుంది. పెద్ద టవరు, దాని ముందు మేడంత ఎత్తున చెకుముకి రాళ్ళ గోడలు, ఒక్కో కిటికీ మన గాలిగోపురం వాకిలంత ఉంది, వాటికి అద్దాల్లేవు, పైన కప్పు లేదు, కిటికీలోంచి చూస్తే ఇటు ఆకాశం అటు ఆకాశమే. గచ్చు ఉండాల్సిన చోట గడ్డి పెరిగింది. ఆ గడ్డిలో నడుచుకుంటూ టవర్ దాకా వెళ్తే అప్పుడు కనిపించింది అసలు విషయం. ఆ పెద్ద గోడల మధ్య, టవర్‌కి ఆనుకుని, ఇంకో చిన్న చర్చి ఉంది, దాని మీద గడ్డి కప్పు! మన పాత పూరిళ్ళకి వేసినట్టే ఒత్తుగా, అంచులు నీటుగా కత్తిరించి. తాత ఒళ్ళో మనవడు కూర్చున్నట్టుంది.

ఏదో యుద్ధంలో ఫిరంగులు పడి కూలిందేమో అనుకున్నా ముందు. కాదు. ఆ పెద్ద చర్చి పదిహేనో శతాబ్దంలో కట్టింది, ఊరి స్థాయికి అప్పటికే చాలా ఎక్కువ. 1640ల్లో రాజుకీ పార్లమెంటుకీ గొడవలు నడిచే రోజుల్లో విలియం డౌసింగ్ అని ఒకాయన పార్లమెంటు వాళ్ళ తరఫున ఈ చుట్టుపక్కల చర్చిలన్నీ తిరిగి బొమ్మలు ఉండకూడదని పగలగొట్టించాడు, ఇక్కడికీ వచ్చాడు, కిటికీ అద్దాల్లో బొమ్మలు అలాగే పోయాయి. కానీ గోడలు ఆయన కూల్చలేదు, కప్పు ఆయన తీయలేదు. కప్పు తీసింది ఊరి వాళ్ళే. అంత పెద్ద కప్పుకి రిపేర్లు చేయించే స్తోమత లేక, 1672లో పర్మిషన్ తెచ్చుకుని, పెద్దదాని కప్పు దించేసి, లోపలే తమకి సరిపడా చిన్నది కట్టుకున్నారు, దానికి వాడింది కూడా చాలావరకు ఆ పాత రాళ్ళూ ఇటుకలే. టవర్ జోలికి మాత్రం పోలేదు, సముద్రంలో ఓడల వాళ్ళకి అదే గుర్తు కాబట్టి. కిందికి ఇంకొంచెం పోతే వాల్బర్‌స్విక్ అని ఇంకో ఊరుంది, అక్కడ కూడా 1690ల్లో ఇదే పద్ధతి, పెద్ద చర్చిలో ఒక పక్క భాగం మాత్రం ఉంచుకుని మిగతాది వదిలేశారు. అంటే ఇదేదో ఒక ఊరికి తట్టిన పిచ్చి ఐడియా కాదన్నమాట.

మా ఆవిడ చూసిన వెంటనే "బాలాలయంలా ఉందండీ" అంది. నాకు తట్టలేదు ఆ మాట. యాదగిరిగుట్టలో 2016 నుంచి 2022 దాకా కొత్త గుడి అయ్యేవరకు స్వామిని బాలాలయంలో పెట్టి పూజలు చేశారు కదా, అదే, కాకపోతే వీళ్ళ బాలాలయం 350 ఏళ్ళుగా అలాగే ఉండిపోయింది, పెద్ద గుడి మళ్ళీ కట్టే ఆలోచనే పెట్టుకోలేదు.

తలుపు తోస్తే తెరుచుకుంది. లోపల తెల్లటి గోడలు, కొన్ని బల్లలు, ఎనిమిది పలకల రాతి తొట్టి, పిల్లలకి బాప్తిస్మం ఇచ్చేది, అది పాత చర్చిదే, దాని మీద బొమ్మలు ఎవరో చెక్కేసి ఉన్నాయి, వేలితో తడిమితే సింహం జూలు మాత్రం తెలుస్తోంది. పూలు మార్చడానికి వచ్చిన ఒక పెద్దావిడ మమ్మల్ని చూసి నవ్వింది. మా అమ్మాయి మాట కలిపితే చెప్పింది, ప్రార్థన వారం వారం ఉండదంట, కానీ ఉన్నప్పుడు పదిమంది వచ్చినా చిన్నగది కాబట్టి నిండుగా అనిపిస్తుందంట. ఆ పెద్ద హాల్లో అదే పదిమంది కూర్చుంటే ఎలా ఉండేదో ఊహించుకోండి.

బయటికొచ్చి సముద్రం వైపు వెళ్దామంటే రోడ్డు మూసేశారు. ఎందుకంటే ఆ రోడ్డు చివర నేరుగా గాల్లోకి ఉంటుంది, కింద సముద్రం. అక్కడి గట్టు అంతా ఇసుక, ఏడాదికి సగటున నాలుగున్నర మీటర్లు కోసుకుపోతోందట. అంటే చర్చికి కూడా రోజులు లెక్కపెట్టుకున్నట్టే, పక్కనే డన్విచ్‌లో ఒక చర్చి 1904 నుంచి 1919 లోపు ముక్కలు ముక్కలుగా గట్టు మీంచి సముద్రంలో పడిపోయింది. మన ఉప్పాడ తీరం చూసిన వాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. పోతుందని తెలిసి కూడా ఇవాళ్టికి టవర్‌నీ మొండిగోడల్నీ చర్చెస్ కన్జర్వేషన్ ట్రస్ట్ అనే సంస్థ చూసుకుంటోంది, 1969లో పెట్టారు, వాడకంలో లేని చర్చిలు 350కి పైగా దాని చేతిలో ఉన్నాయి. లోపలి చిన్న చర్చి మాత్రం ఊరి వాళ్ళదే. పాతది సంస్థకి, ప్రార్థన ఊరికి, పంపకం బాగుంది.

వాళ్ళకి డబ్బులున్నాయి చేస్తారు, మనకెక్కడివి అంటారని తెలుసు. అక్కడ కూడా లేవు సార్. రిపేర్ల మీద కట్టిన వ్యాట్ తిరిగి ఇచ్చే స్కీమ్ ఒకటి 2001లో పెడితే, దానికి కూడా 2025లో ఒక్కో చోటికి ఏడాదికి 25 వేల పౌండ్లే అని పరిమితి పెట్టారు, చర్చిల వాళ్ళు గగ్గోలు పెట్టారు. అసలు కోవ్‌హైత్ వాళ్ళు 1672లో ఆ పని చేసిందే డబ్బుల్లేక కదా.

ఇక మా ఊరి సంగతి. చెరువు కట్ట కింద కాకతీయుల నాటి త్రికూటాలయం ఉంది, మూడు గర్భగుళ్ళలో ఒక్కదాంట్లోనే లింగం, మండపం సగం కుంగింది, నాలుగు స్తంభాలు గట్టిగా ఉన్నాయి, ఒకటి ఒరిగింది. కమిటీ వాళ్ళు మొత్తం జేసీబీతో తీసేసి స్లాబ్ వేసి గ్రానైట్ పరుస్తామంటున్నారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, అందులో ఇద్దరు నా దగ్గర చదువుకున్నవాళ్ళే, "సార్, వాన కురుస్తోంది, పూజారి గొడుగు పట్టుకుని అభిషేకం చేస్తున్నాడు, ఏం చేయమంటారు" అంటారు, అదీ నిజమే. విప్పి మళ్ళీ పేరుద్దామంటే వేయి స్తంభాల గుడి కల్యాణ మండపం చూశాం కదా, 2006లో విప్పితే తెరుచుకున్నది 2024 శివరాత్రికి, అంతటి గుడికే అన్నేళ్ళు పట్టింది, మా ఊరికి ఎవరొస్తారు.

అందుకే నేనడిగేది చాలా చిన్నది. లింగం ఉన్న ఆ ఒక్క గర్భగుడికి, దాని ముందు నలుగురు నిలబడే జాగాకి, స్తంభాలకి మేకు కూడా కొట్టకుండా విడిగా నిలబడే తేలికపాటి కప్పు వేయండి, రేకులైనా సరే పెంకులైనా సరే. మిగతా మండపం కుంగినంత మేరకి అలాగే ఉండనివ్వండి, చుట్టూ ముళ్ళకంప కొట్టించి గడ్డి తీయిస్తే చాలు, ఒరిగిన స్తంభానికి ఆసరా పెట్టండి. పురావస్తు శాఖ వాళ్ళు ఒకసారి వచ్చి చూసి ఏది ముట్టుకోవచ్చు ఏది ముట్టుకోకూడదు అని కాగితం మీద రాసిచ్చే ఏర్పాటు ఉంటే, ప్రతి మండలంలో ఇలాంటి గుళ్ళున్న ఊళ్ళకి పనికొస్తుంది. దాతల పేర్లు గ్రానైట్ మీద కాకపోతే గేటు పక్కన బోర్డు మీద రాయించుకోవచ్చు, నేనేం కాదనను, నా పదివేలు కూడా అందులో రాయండి.

పునాదికి ముహూర్తం శ్రావణంలో అంటున్నారు. ఈలోపు మీ విలేకరిని ఒకసారి మా ఊరికి పంపండి, కెమెరా తెమ్మనండి. స్తంభాల మీద ఏముందో నేను దగ్గరుండి చూపిస్తా, భోజనం మా ఇంట్లోనే.

ఇట్లు
ఒక రిటైర్డ్ సోషల్ టీచర్
హనుమకొండ జిల్లా