ఆ బ్యాండు మేళం బాబాయికి, మా పిల్లల తరఫున

నిన్న రిపబ్లిక్ డే పరేడ్ అయిపోయింది. ఒళ్లంతా నొప్పులు, గొంతు పోయింది. అయినా ఇది రాయకుండా పడుకోలేను.

మొన్న సాయంత్రం ఆఖరి రిహార్సల్లో మా స్కూల్ బ్యాండు పెద్ద డ్రమ్ము తోలు చిరిగిపోయింది. పద్నాలుగు మంది పిల్లలూ బిక్కమొహాలు వేశారు. విజయనగరంలో నాకు తెలిసిన షాపులన్నీ తిరిగాను, దొరకలేదు. టీ కొట్టు దగ్గర నా ఏడుపు మొహం చూసి, పెళ్లిళ్లకు వాయించే ఒకాయన ‘ఏటైందమ్మా?’ అన్నారు. సంగతి వినగానే తన దగ్గరున్న తోలు పట్టుకుని ఆటో ఎక్కేశారు.

ఎదురెదురు బోల్టులు కొంచెం కొంచెంగా బిగిస్తూ, వేలితో తట్టి చెవి పెట్టి వింటూ గంటసేపు కూర్చున్నారు. పని అయ్యాక కూడా వెళ్లలేదు.

ఆ డ్రమ్ము వాయించేది ఎనిమిదో తరగతి పిల్లాడు. వాళ్ల నాన్న పోయాక ఎవరితోనూ మాట్లాడడు. టెన్షన్ వస్తే స్పీడు పెంచేస్తాడు. ఆయన వాడి పక్కన నిలబడి, ‘నీ దెబ్బ మీదే అందరి ఎడమ కాలు పడతాది నాన్నా. నువ్వు తొందరపడితే ఆళ్లు తడబడతారు. డ్రమ్ము చూడకు, ఆళ్ల కాళ్లు చూడు’ అన్నారు. రాత్రి తొమ్మిదిన్నర దాకా అదే పాఠం.

నిన్న గ్రౌండులో సైడ్ డ్రమ్ము అమ్మాయి లయ తప్పింది. వాడు ఆమె వైపే చూస్తూ, నడక మార్చకుండా, ఆ పిల్ల మళ్లీ అందుకునేదాకా కొడుతూనే ఉన్నాడు. అయ్యాక తనే వెళ్లి ‘పర్లేదు, నాక్కూడా తప్పేది’ అన్నాడు. పెన్సిల్ కావాలన్నా నోరు విప్పని పిల్లాడు! పక్కవాళ్ల కోసం ఆగడం నా సోషల్ క్లాసులో ఎంత చెప్పినా రాలేదు.

డబ్బులివ్వబోతే ఆయన తీసుకోలేదు. ‘ముప్పై ఏళ్లుగా గట్టిగా కొట్టండనేవోళ్లే గానీ, మళ్లీ చూపించండి అన్నోళ్లు లేరమ్మా. ఈ పిల్లలు అడిగారు’ అన్నారు. అక్కడే నాకు కన్నీళ్లు ఆగలేదు.

1919లో సంగీత కళాశాల పెట్టిన ఊరు మాది. ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి మొదటి ప్రిన్సిపాల్. అదే ఊళ్లో మా బడికి మ్యూజిక్ టీచర్ పోస్టు లేదు. కళల్నీ చదువునీ విడదీయొద్దని 2020 జాతీయ విద్యా విధానం చెబుతోంది. మాకు మాత్రం ‘టెన్త్ రిజల్ట్స్ చూడండి, ఈ డప్పులెందుకు’ అన్న మాటలే. బెల్టులకీ పుల్లలకీ టీచర్లమే చందాలు వేసుకున్నాం.

ఈ నెలంతా ఇల్లు చూసుకున్న మా ఆయనకీ అత్తయ్యకీ కూడా థాంక్స్.

కంగారులో ఆయన ఫోన్ నంబరు అడగలేదు. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి, పిల్లలు చూడాలంటున్నారు. ఆయన తోలు ఇంకా మా డ్రమ్ము మీదే ఉంది.

అయ్యో, మరిచిపోయాను. ఆదివారాలు వచ్చి ఫ్లూటు నేర్పిన మ్యూజిక్ కాలేజీ అమ్మాయికి, ఆ రాత్రి గేటు తాళం వెయ్యకుండా కూర్చున్న వాచ్‌మన్‌కి కూడా. ఇంకా కిరాయి తీసుకోని ఆ ఆటో తమ్ముడికి.