మాత్ర ఇచ్చి పంపితే సరిపోదు

సంపాదకులకు నమస్కారం.

హెచ్‌ఐవీ సోకకుండా ముందుగానే వాడే ప్రెప్ మందుల గురించి వచ్చే కథనాలు చాలావరకు ఫలానా కొత్త మందుకు అనుమతి వచ్చిందన్న వార్తతో ఆగిపోతున్నాయి. మొదలుపెట్టినవారు ఎన్నాళ్లు వాడుతున్నారో, ఎందుకు మానేస్తున్నారో రాసేవారు తక్కువ. అసలు చిక్కంతా అక్కడే ఉందన్నది నా అభిప్రాయం.

టెనోఫోవిర్, ఎమ్‌ట్రిసిటాబిన్ కలిపిన మాత్రను నివారణకు వాడడానికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2012లోనే అనుమతించింది. చెప్పిన ప్రకారం వాడితే లైంగిక సంబంధాల ద్వారా హెచ్‌ఐవీ సోకే ముప్పు దాదాపు 99 శాతం తగ్గుతుంది. ఆ 'చెప్పిన ప్రకారం' అన్న మాట ఎంత బరువైనదో దక్షిణాఫ్రికా, ఉగాండా, జింబాబ్వే దేశాల్లో సుమారు 5,000 మంది మహిళలతో జరిపిన 'వాయిస్' అధ్యయనం చూపింది. మాత్రలు దాదాపు క్రమం తప్పకుండా వేసుకుంటున్నామని వారు చెప్పారు. రక్త నమూనాలను పరీక్షిస్తే మూడో వంతులో కూడా మందు జాడ లేదు. ఆ అధ్యయనంలో మాత్రతో మొత్తం మీద హెచ్‌ఐవీ ముప్పు తగ్గినట్టు కనిపించలేదు.

దీన్ని ఆ మహిళల అబద్ధంగా చూడడం నాకు సమ్మతం కాదు. వేసుకోలేదని ఒప్పుకుంటే మందలిస్తారేమో, పథకం నుంచి తప్పిస్తారేమో అన్న భయం ఉన్నచోట ఎవరూ నిజం చెప్పరు. పైగా ఈ మాత్రల్లోని మందులే హెచ్‌ఐవీ చికిత్సలోనూ వాడతారు కాబట్టి, డబ్బా కంటబడితే ఇంట్లోవారు ఆమెకు జబ్బు ఉందనే అనుకుంటారు. సెక్స్ వర్కర్లు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు, పురుషులతో సంబంధాలున్న పురుషులు, సూదులతో మత్తుమందు తీసుకునేవారు ఇప్పటికే ఎన్నో దాచుకుని బతుకుతున్నారు. గలగలమనే డబ్బాను కూడా దాచుకోమంటే, వారు ముందుగా వదిలించుకునేది ఆ డబ్బానే.

మొదటి వారాల్లో వచ్చే వికారం, తలనొప్పి చాలామందిలో వాటంతట అవే తగ్గుతాయి. ఆ సంగతి ముందే చెప్పకపోతే మందు పడలేదనుకుని మానేస్తారు.

మానేసిన ప్రతివారూ నిర్లక్ష్యం చేసినట్టు కాదన్నది మరో సంగతి. ముప్పు జీవితమంతా ఒకే తీరుగా ఉండదు. అది లేని కాలంలో వైద్యుల సలహాతో ఆపి, అవసరమైనప్పుడు తిరిగి మొదలుపెట్టవచ్చు. కానీ చెప్పకుండా ఆపి, చెప్పకుండా మొదలుపెట్టడం ప్రమాదకరం. మధ్యలో హెచ్‌ఐవీ సోకి ఉంటే, చికిత్సకు చాలని ఈ రెండు మందులనే వాడడం వల్ల వైరస్ వాటికి లొంగని స్థితికి చేరవచ్చు. హెపటైటిస్-బి ఉన్నవారు ఉన్నట్టుండి ఆపితే కాలేయ వ్యాధి ముదరవచ్చు. అందుకే మానేసినవారు మొహమాటం లేకుండా తిరిగి వచ్చే దారి ఉండాలి. ఇన్నాళ్లూ ఎక్కడికి పోయావని నిలదీసే చోటికి ఎవరు వస్తారు?

ఆరు నెలలకోసారి ఇచ్చే లెనకపవిర్ ఇంజెక్షన్ నిజంగా పెద్ద ఆశ. 2024లో వెలువడిన ఫలితాల్లో దాన్ని తీసుకున్న 2,134 మంది యువతుల్లో ఒక్కరికీ హెచ్‌ఐవీ సోకలేదు. 2025 జులైలో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దాన్ని సిఫారసు చేసింది. రోజూ మాత్ర దాచుకునే బాధ దీనితో తప్పుతుంది. అయినా గడువుకు మళ్లీ రావలసిందే, పరీక్ష చేయించుకోవలసిందే. ఆ గది తలుపు దగ్గర ఎదురయ్యే చూపులు ఇంజెక్షన్‌తో మారవు.

కాబట్టి మందుకు పెట్టే ఖర్చులో కొంత, దాన్ని కొనసాగించేలా తోడుండేవారికీ కేటాయించాలి. రాత్రి పనిచేసేవారికి సాయంత్రాలు తెరిచి ఉండే కేంద్రం, పేరు పైకి కనిపించని పొట్లం, అదే జీవితం గడిపిన తోటివారే కౌన్సెలర్‌గా ఉండడం అసాధ్యమైన కోరికలు కావు. "రోజూ వేసుకుంటున్నావా?" అని అడిగితే అవుననే జవాబే వస్తుంది. "ఈ వారం ఏ రోజుల్లో కుదరలేదు?" అని అడిగితే మాట మొదలవుతుంది.

మీ పత్రికకు ఒక విన్నపం. ప్రెప్‌ను చెడు తిరుగుళ్ల మందుగా ధ్వనింపజేసే శీర్షికలకు దయచేసి చోటివ్వకండి. ఆ డబ్బాను ఇంట్లో దాచుకున్నవారు కూడా మీ పాఠకులే.

ఇట్లు,
ఒక పాఠకురాలు