ఒంట్లో ఇద్దరు

ఒరేయ్ శీనూ,

నువ్వు తీస్తున్న అరగంట సినిమాలో దెయ్యమూ శృంగారమూ రెండూ ఇరికించాలి, హీరోయిన్‌కి ఏం చెప్పాలో తెలీట్లేదు అన్నావు కదా. ముందు ‘ది హంగర్’ అనే టీవీ సిరీస్‌లో ‘మెనాజ్ ఆ త్రువా’ ఎపిసోడ్ చూడు. తలుపేసుకుని చూడు, పిల్లలున్న ఇల్లు నీది! 1983లో టోనీ స్కాట్ తీసిన సినిమా పేరుతోనే, అన్నదమ్ములు రిడ్లీ, టోనీల సంస్థ ఈ సిరీస్‌ని 1997లో మొదలెట్టింది. రెండు సీజన్లు, 44 ఎపిసోడ్లు, దేని కథ దానిదే. నే చెప్పిన ఎపిసోడ్ తీసింది రిడ్లీ కొడుకు జేక్.

చక్రాల కుర్చీలో ముసలావిడగా కారెన్ బ్లాక్. ఇంట్లో పనివాడు డేనియల్ క్రెయిగ్, అప్పటికి జేమ్స్ బాండ్ కావడానికి ఇంకా తొమ్మిదేళ్ళుంది. ఆవిడని చూసుకోడానికి వచ్చిన స్టెఫ్‌గా లీనా హెడీ. తర్వాత ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’లో రాణి సెర్సీ అయింది చూడు, ఆ అమ్మాయే. ముసలావిడ కోరికకి స్టెఫ్ ఒళ్ళు కావాలి. మన విక్రమార్కుడి కథల్లో పరకాయప్రవేశమే, కాకపోతే ఇక్కడ ఒంటి సొంతదారుని ఎవరూ అడగరు. భయమంతా అందులోనే ఉంది. అందుకే పడకసీను వేరు, దెయ్యం సీను వేరు అనుకుని తీస్తే రెండూ చస్తాయి.

ఇలాంటి వేషంలో అందరూ మొదట గొంతు మారుస్తారు. అది మిమిక్రీలా తేలిపోతుంది. ఏళ్ళ తరబడి కుర్చీలో కూర్చున్న మనిషికి కాళ్ళొస్తే ముందేం చేస్తుంది? మొగాణ్ణి చూడదురా, నేలని తొక్కి చూసుకుంటుంది. మడమ ఆనించి, వేళ్ళు విప్పి, బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలికి మార్చి. ఆ షాట్‌కి పది సెకన్లివ్వు, డైలాగ్ వద్దు. దానికి ముందే కుర్చీలో ఉన్నావిడకి ఒక అలవాటు పెట్టు, చేతిపిడిని బొటనవేలితో రుద్దడంలాంటిది. తర్వాత ఈ అమ్మాయి అదే బొటనవేలు దుప్పటి అంచు మీద ఆడిస్తే చాలు, చూసేవాడికి వెన్ను జలదరిస్తుంది. ఇద్దరు నటీమణులనీ ఒక పూట కలిపి కూర్చోబెట్టు. ముసలావిడ వేసేది తన సీన్లు ముందు చేసి చూపించాలి, చిన్నమ్మాయి పట్టుకోవాలి. రివర్సులో చేయిస్తే అనుకరణ ఎటు పోతుందో నీకే అర్థం కాదు.

షూటింగ్ వరసలో జరగదు కాబట్టి ప్రతి సీన్ పక్కనా ‘లోపల ఎవరు, ఎంత’ అని రాసిపెట్టు: పావు, సగం, పూర్తి. లేకపోతే పొద్దున పూర్తిగా ముసలావిడై, మధ్యాహ్నం తీసే అంతకుముందు సీన్‌లోనూ అలాగే ఉంటుంది. ఎడిటింగ్‌లో దానికి మందు లేదు.

ఇక శృంగారం. ఏ సీన్‌లో ఎంతవరకో అగ్రిమెంటులోనే రాయించు, సెట్లో తేల్చుకుందాం అనకు. కావాల్సినవాళ్ళు తప్ప ఎవరూ లోపల ఉండకూడదు, మానిటర్ కూడా ఒక్కటే. అమెరికా టీవీ సంస్థ హెచ్‌బీఓ వాళ్ళే ఇంటిమసీ కోఆర్డినేటర్‌ని, అంటే ఇలాంటి సీన్లలో నటుల హద్దులూ కదలికలూ చూసుకునే మనిషిని, తప్పనిసరి చేసింది 2018లో. హెడీ ఈ వేషం వేసిన రోజుల్లో అవేవీ లేవు. ఆ సీన్లకి కదలికలు లెక్కపెట్టి, డాన్సు స్టెప్పుల్లా, బట్టలతోనే నాలుగైదు సార్లు చేయించు. చెయ్యి ఎక్కడ పడుతుందో ముందే తెలిసిన మనిషికే కళ్ళల్లో ముసలావిడని నిలబెట్టే తీరిక ఉంటుంది.

స్క్రిప్టులో రెండో సీన్ మళ్ళీ రాసి పంపు. ఆ కుర్చీ మాత్రం కిర్రుమనేదే తీసుకో, నూనె వెయ్యకు.

నీ
రవి