బాబుతో పాటు మాకూ నేర్పించారు, మీకు దండాలు

ఎదుగుదలలో ఇబ్బందులున్న పిల్లల్ని చూసే తిరుపతి సత్వర చికిత్స కేంద్రంలో (మేమంతా డైస్ సెంటర్ అనే అంటాం) పనిచేసే మేడమ్‌లకీ సార్లకీ ముందుగా చేతులెత్తి దండం. మా బాబు నిన్న ఎవరూ పట్టుకోకుండా పీట మీద కూర్చుని వాళ్ళ అవ్వ పెట్టిన సంగటి తిన్నాడు. ఆ సంగతి మీకు చెప్పకుండా ఉండలేక రాస్తున్నా.

వాడు ఎనిమిదో నెలలోనే పుట్టాడు, కొన్నాళ్ళు అద్దాల పెట్టెలో ఉంచారు. ఏడు నెలలు నిండినా తల నిలవట్లేదని, ఎత్తుకుంటే కాళ్ళు కత్తెరలా ఒకదాని మీదికొకటి పోతున్నాయని మొదట కనిపెట్టింది మా అంగన్‌వాడీ టీచరమ్మ. "మగపిల్లోడు కదా, నిదానంగా వస్తాడులే" అని చుట్టాలు సర్దిచెప్తున్నా ఆమె ఊరుకోలేదు, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం డాక్టర్లు ఊరికొచ్చిన రోజు మమ్మల్ని పిలిపించి, చూపించి, చీటీ రాయించి ఈ సెంటర్‌కి పంపించింది. 2013 నుంచీ ఉన్న పథకమట, 18 ఏళ్ళ దాకా పిల్లల్ని ఉచితంగా చూస్తారట, మాకు అప్పటిదాకా తెలియనే తెలియదు. అమ్మా, మీరు పట్టుబట్టబట్టే ఈరోజు ఇలా ఉన్నాం.

ఇక్కడ సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని ఒళ్ళు కదలికలు అదుపులో ఉండని సమస్య) అనగానే ఇంట్లో ఎవరికీ కాళ్ళూ చేతులూ ఆడలేదు. డాక్టరుగారు కూర్చోబెట్టి చెప్పారు, మెదడుకి తగిలిన దెబ్బ ఇక పెరగదు, కానీ వదిలేస్తే కండరాలు బిగుసుకుపోయి కీళ్ళు సరిగా కదలవు, చిన్నప్పుడే మెదడు త్వరగా నేర్చుకుంటుంది కాబట్టి ఇప్పుడే మొదలుపెట్టాలి అని. పూర్తిగా నయమైపోతుందని లేనిపోని ఆశ పెట్టలేదు, అందుకు కూడా థాంక్స్ సార్.

ఫిజియోథెరపీ మేడమ్ గురించి ఎంత చెప్పినా తక్కువే. ఇక్కడ కాసేపు చేయించి పంపితే సరిపోదమ్మా అని, ఇంట్లో రోజూ చేసే పనుల్లోనే కలిపి నేర్పించారు. గుడ్డ మార్చేటప్పుడు కాళ్ళు బలవంతంగా విడదీయకూడదు, ముందు మోకాళ్ళు మడిచి, తుంటి దగ్గర పట్టుకుని మెల్లగా అటూ ఇటూ ఊపాలి, అప్పుడు బిగువు దానంతటదే వదులుతుంది అని నా చేతి మీద తన చెయ్యి పెట్టి చూపించారు. ఆ వదులు నా చేతికి తెలిసిన రోజు ఏడుపొచ్చేసింది. పడుకోబెట్టి తినిపిస్తే పొలమారుతుంది, వీపు నిటారుగా, తల కాస్త ముందుకి ఉండాలన్నారు. మా అత్త మోకాళ్ళ నొప్పులతోనే ఇవన్నీ నేర్చుకుంది, ఇప్పుడు నాకంటే బాగా చేస్తుంది.

బస్టాండ్ దగ్గర మమ్మల్ని చూడగానే ఆటో ఆపి, బాబుని జాగ్రత్తగా ఎక్కించే అన్నకీ చాలా థాంక్స్.

పాకాల నుంచి వచ్చే అక్కా, ఎండలో క్యూలో నా బాబుని నువ్వెత్తుకున్నావే, మర్చిపోను. స్ప్లింట్ (కాలు సరిగ్గా ఉండటానికి కట్టేది) పట్టీ దగ్గర పాప కాలు కందిందన్నావు కదా, అలాగే వేస్తూ పోకు, ఈసారి వచ్చేటప్పుడు పట్టుకొచ్చి మేడమ్‌కి చూపించు, సరిచేయిస్తారు.