కెప్టెన్ ఎనిమిదో తరగతి పిల్లాడైతే బాధ్యత కోచ్‌దే

సంపాదకులకు నమస్కారం.

జట్టు ప్రవర్తనకూ, సబ్‌స్టిట్యూషన్లు సక్రమంగా జరగడానికీ హాకీ నియమావళి కెప్టెన్‌నే బాధ్యుణ్ణి చేసింది. అది పెద్దల ఆటకు రాసిన నియమం. అండర్-14 లీగ్‌లో ఆ కెప్టెన్ ఎనిమిదో తరగతి చదువుతుంటాడు. దెబ్బ తగిలిన తోటివాణ్ణి బయటికి పంపమని అతను ఎవరికి చెప్పగలడు? కోచ్ ఆడమంటే ఆడతాడు, ఆగమంటే ఆగుతాడు. కాబట్టి పిల్లల లీగ్‌లు నడిపేవాళ్లు ఆ భారాన్ని కెప్టెన్ మీంచి తీసి కోచ్ మీద పెట్టాలి. నోటిమాటగా కాదు, ఎంట్రీ ఫారంతోపాటే కోచ్ సంతకం చేసే పత్రంగా. అందులో ఏముండాలో రాస్తున్నాం.

మొట్టమొదట తలదెబ్బ. హాకీ బంతి 156 నుంచి 163 గ్రాములు ఉంటుంది, దాదాపు క్రికెట్ బంతంత. తలకు బంతో స్టిక్కో తగిలాక, లేదా పడి తల నేలకు కొట్టుకున్నాక తలనొప్పి, వాంతి, కళ్లు తిరగడం, చూపు మసకబారడం, అడిగినదానికి తడుముకుంటూ జవాబివ్వడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ రోజుకు ఆ పిల్లాడి ఆట అయిపోయినట్టే. 'స్పృహ తప్పలేదుగా' అని మళ్లీ దింపడం మన గ్రౌండ్లలో తరచూ జరిగే తప్పు. మెదడు అదిరితే స్పృహ తప్పాలనేమీ లేదు. పైగా హాకీలో సబ్‌స్టిట్యూషన్లకు లెక్క లేదు. షార్ట్ కార్నర్ (గోల్ దగ్గర డిఫెన్స్ తప్పు చేస్తే ఎదుటి జట్టుకిచ్చే పెనాల్టీ కార్నర్) ఇచ్చినప్పటి నుంచి అది ముగిసేదాకా తప్ప ఎప్పుడైనా ఆటగాణ్ణి మార్చుకోవచ్చు. సరిగ్గా ఆ సమయంలోనే దెబ్బ తగిలితే అంపైరుకు చెప్పి టైం ఆపించాలి. అంటే పిల్లాణ్ణి బయట కూర్చోబెట్టడానికి నియమం ఎక్కడా అడ్డు రాదు, అడ్డు వచ్చేది గెలవాలన్న తొందరే.

ఆ సాయంత్రం పిల్లాణ్ణి ఒంటరిగా బస్సెక్కించకూడదు. ఏం జరిగిందో, ఎన్ని గంటలకు జరిగిందో కాగితం మీద రాసి అమ్మానాన్నల చేతికివ్వాలి. వాంతులు ఆగకపోయినా, మత్తుగా మారినా, ఫిట్స్ వచ్చినా వెంటనే 108. తిరిగి ఆడించడం కూడా మెట్లుమెట్లుగా జరగాలి. ముందు ఒకటి రెండు రోజులు భారీ శ్రమ లేకుండా తేలిక పనులు, తర్వాత మామూలుగా బడి, ఆ తర్వాత తేలికపాటి పరుగు, ఒంటరిగా స్టిక్ వర్క్, ఇతరులు తగలని ప్రాక్టీసు, డాక్టరు కాగితం ఇచ్చాకే పూర్తి ప్రాక్టీసు, చివరికి మ్యాచ్. ఒక్కో మెట్టుకు కనీసం 24 గంటలు. లక్షణాలు తిరగబెడితే ఒక మెట్టు వెనక్కి. ఫైనల్ ఉందని ఇందులో ఏదీ దాటేయడానికి వీల్లేదు.

తర్వాత షార్ట్ కార్నర్. గోల్‌కీపర్‌తో కలిపి ఐదుగురే బ్యాక్‌లైన్ (గోల్ వైపు చివరి గీత) వెనక ఉంటారు. వాళ్లలో ఫస్ట్ రషర్ బంతికి ఎదురు పరిగెడతాడు. గోల్ మీదికి మొదటి షాట్ హిట్ అయితే గోల్‌లైన్ దాటేటప్పుడు 460 మిల్లీమీటర్లకు, అంటే గోల్ అడుగున ఉండే బ్యాక్‌బోర్డు ఎత్తుకు, మించకూడదు. బంతిని స్టిక్‌తో ఈడ్చి విసిరే డ్రాగ్ ఫ్లిక్‌కు ఆ హద్దు లేదు. అయిదు మీటర్ల లోపలున్న డిఫెండర్‌కు ఆ షాట్ మోకాలి కింద తగిలితే మళ్లీ షార్ట్ కార్నర్. మామూలుగా నిలబడ్డ డిఫెండర్‌కు మోకాలికో ఆపైనో తగిలితే షాట్ ప్రమాదకరం, డిఫెన్స్‌కు ఫ్రీ హిట్. ఈ తేడా తెలియని కోచ్ 'ఒళ్లు అడ్డం పెట్టు' అని అరుస్తాడు. తెలిసిన కోచ్ మాత్రం శరీరం బంతి దారికి పక్కన, స్టిక్ ఒక్కటే దారిలో ఉండేలా పరుగు నేర్పుతాడు. ఫేస్ మాస్క్, గ్లవ్స్, మౌత్ గార్డ్ లేని పిల్లాణ్ణి రషర్‌గా పంపడు.

ప్రాక్టీసులో ప్రమాదం మ్యాచ్‌లోకన్నా ఎక్కువ. ఇద్దరు ఫ్లిక్కర్లు ఒకేసారి కొడతారు. కీపర్ మొదటి బంతినే చూస్తుంటాడు, రెండోది వచ్చి తగులుతుంది. డీ (గోల్ ముందు గీసిన అర్ధవృత్తం) లోపల ఒక సమయంలో ఒకే బంతి ఉండాలి. ఫ్లిక్‌లకు లెక్క కూడా ఉండాలి. ఎదిగే పిల్లాడు నడుము నొప్పి అన్నాడంటే ఫ్లిక్‌లు ఆగిపోవాలి.

ఉమ్మడి చిత్తూరు జిల్లా అమ్మాయి రజని భారత జట్టుకు గోల్‌కీపర్‌గా ఆడింది. గోల్‌లో నిలబడతామని ముందుకొచ్చే ఆడపిల్లలకు మనం ఇచ్చేది మాత్రం తరచూ పెద్దవాళ్ల ప్యాడ్లు, తాడుతో కట్టిన పట్టీలు. ప్యాడ్ పక్కకు జరిగితే చీలమండ బయటపడుతుంది. హెల్మెట్ వదులైతే తల తిప్పినప్పుడు అది వెనకబడుతుంది, బంతి కనబడదు. తల గట్టిగా ఊపించి చూడాలి, జాలీ స్క్రూలు బిగించాలి, గొంతు గార్డు ఉందో లేదో చూడాలి. రెండు నిమిషాల పని. మిగతావాళ్లకు షిన్ గార్డులు, ఎత్తుకు తగ్గ స్టిక్. పిల్లాడి తుంటి ఎముకను దాటిపోయే స్టిక్‌తో రివర్స్ (స్టిక్ తిప్పి ఎడమవైపు ఆడడం) సరిగా తిరగదు, తప్పుడు ఒడుపు అలవాటవుతుంది. తల చీలిన స్టిక్ గ్రౌండ్‌లోకి రాకూడదు.

ఏప్రిల్, మే నెలల ఎండ సంగతి వేరే చెప్పాలా? శిబిరాలు ఉదయం ఎనిమిదింటిలోపు ముగించాలి. నీళ్లు 15, 20 నిమిషాలకోసారి. క్రమశిక్షణ పేరుతో ఎండలో రౌండ్లు కొట్టించడం శిక్షణ కాదు, ఆ పని చేసిన కోచ్‌ను ఆ సీజన్‌కు పక్కన పెట్టాలి. పిల్లాడు తడబడి, పొంతన లేకుండా మాట్లాడితే వడదెబ్బ అనుకోవాలి. 108కి ఫోన్ చేసి, బండి వచ్చేదాకా నీడలో చల్లటి నీళ్లతో ఒళ్లంతా తడుపుతూనే ఉండాలి.

ఇక నోటితో చెప్పడానికి చాలామంది ఇబ్బందిపడే విషయం. కోచ్ ఏ పిల్లతోనూ, పిల్లాడితోనూ మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు. ఆడపిల్లల జట్టు ఊరు దాటితే మహిళా మేనేజరు తప్పనిసరి. మెసేజ్‌లు తల్లిదండ్రులున్న గ్రూపులోనే. లైంగిక వేధింపు జరిగిందని తెలిసినా, జరగవచ్చని అనుమానం వచ్చినా పోలీసులకు చెప్పడం 2012 పోక్సో చట్టం ప్రకారం ఎవరికైనా విధే. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలో, జరిమానానో, రెండూనో. తన కింద పనిచేసేవాడి నేరాన్ని దాచిన సంస్థ అధిపతికి ఏడాది దాకా. 'కమిటీలో మాట్లాడి సర్దుకుందాం' అనే మాటకు చట్టంలో చోటు లేదు. పిల్లల సహాయ నంబరు 1098 ప్రతి డగౌట్‌లో (ఆటగాళ్లు కూర్చునే చోట) రాసి ఉండాలి.

వయసు మోసం గురించి ఒక్క మాట. పదిహేడేళ్లవాణ్ణి అండర్-14లో దింపితే అది సర్టిఫికెట్ మోసంతో ఆగదు. వాడు కొట్టే బంతి ముందు నిజమైన పదమూడేళ్లవాడు నిలబడాలి. కేంద్రం 2010లోనే దీనిమీద జాతీయ నియమావళి తెచ్చింది. ఎంట్రీ ఫారం మీద సంతకం కోచ్‌ది కాబట్టి నిషేధం కూడా పిల్లాడితోపాటు కోచ్‌కూ పడాలి.

2025లో వచ్చిన జాతీయ క్రీడా పరిపాలన చట్టం సురక్షిత క్రీడల విధానాన్ని తప్పనిసరి చేసింది. అది ఢిల్లీ ఫైళ్లలో ఉంటే చాలదు. 2023లో సీనియర్ మహిళల జాతీయ పోటీలు నిర్వహించిన కాకినాడ లాంటి ఊళ్లో ఒక పేజీ పత్రం అచ్చువేయడం పెద్ద పని కాదు. వేసవి శిబిరాలు మొదలయ్యేలోపు రెండు తెలుగు రాష్ట్రాల హాకీ సంఘాలూ దాన్ని తెలుగులో తయారుచేసి, ప్రథమ చికిత్స శిక్షణ పొందని కోచ్ ఎంట్రీని తీసుకోకుండా ఉండాలని కోరుతున్నాం.

ఇట్లు,
కొందరు జూనియర్ హాకీ కోచ్‌లు, అంపైర్లు,
కాకినాడ